సేవింగ్స్ ఉన్నాయి కదా అని ఆఫ్‌సెట్ మార్ట్‌గేజ్‌కి వెళ్లాలా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటున్నాం. ఇంటి విలువ 3,00,000 పౌండ్లు, అప్పు ఇంకా 2,20,000 ఉంది. ఫిక్స్ (వడ్డీ రేటు మారకుండా ఉండే గడువు) ఇంకో ఐదు నెలల్లో అయిపోతుంది. నా పేరు మీద 45,000 పౌండ్ల సేవింగ్స్ ఉన్నాయి, వాటికి 4 శాతం వడ్డీ వస్తోంది. నేను 40 శాతం ట్యాక్స్ కడతాను, మా ఆవిడ 20 శాతం. మామూలు ఫిక్స్ 4.4 శాతానికి, ఆఫ్‌సెట్ అయితే 4.8 శాతానికి వస్తుందని బ్రోకర్ అంటున్నారు. ఇండియాలో అమ్మానాన్నల వైద్యానికి ఎప్పుడు ఎంత పంపాల్సి వస్తుందో తెలియదు, అందుకే డబ్బంతా అప్పుకి కట్టేయాలంటే టెన్షన్‌గా ఉంది. ఆఫ్‌సెట్ తీసుకోమంటారా?

జవాబు: మీరు చెప్పిన అంకెలను బట్టి చూస్తే వద్దండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే రేటు కొంచెం మారినా మళ్లీ మీరే వేసుకోగలగాలి.

ఆఫ్‌సెట్‌లో మీ సేవింగ్స్ ఖాతాని అప్పుకి జత చేస్తారు. అప్పులోంచి ఆ సేవింగ్స్ తీసేసి మిగిలినదాని మీదే రోజువారీగా వడ్డీ లెక్కేస్తారు. డబ్బు మీదే, కావాలంటే తీసుకోవచ్చు, కానీ దాని మీద మీకు వడ్డీ రాదు. వడ్డీ రాదు కాబట్టి దాని మీద ట్యాక్సూ ఉండదు, అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. మన దగ్గర స్టేట్ బ్యాంక్ మ్యాక్స్‌గెయిన్ హోమ్ లోన్ తెలిసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది, ఆలోచన దాదాపు అదే.

ఇప్పుడు మీ లెక్క. ఆఫ్‌సెట్ తీసుకుంటే 1,75,000 మీద 4.8 శాతం, అంటే మొదటి ఏడాది సుమారు 8,400 పౌండ్ల వడ్డీ. మామూలు ఫిక్స్ అయితే 2,20,000 మీద 4.4 శాతం, 9,680. కానీ సేవింగ్స్ మీద 1,800 వస్తాయి. 40 శాతం ట్యాక్స్ కట్టేవాళ్లకి ఏడాదికి 500 పౌండ్ల వడ్డీ వరకే ట్యాక్స్ ఉండదు, మిగతా 1,300 మీద 520 పోతుంది, చేతికి 1,280 మిగులుతుంది. 9,680 లోంచి అది తీసేస్తే, చూడండి, మళ్లీ 8,400 పౌండ్లే. అంటే ఇప్పుడున్నట్టే డబ్బంతా మీ పేరు మీద మామూలు ఖాతాలో వదిలేస్తే రెండూ సమానం, ఆఫ్‌సెట్ వల్ల ఒక్క పౌండు కూడా కలిసిరాదు.

డబ్బు అలా వదిలేయక్కర్లేదు కదా. బ్రిటన్‌లో ఒక్కొక్కరు ఏడాదికి 20,000 పౌండ్ల వరకు ఐసా (ISA) అనే పొదుపు ఖాతాలో పెట్టుకోవచ్చు, దాని వడ్డీకి ట్యాక్స్ లేదు. భార్యాభర్తలు ఒకరికొకరు డబ్బు ఇచ్చుకోవడానికి కూడా ట్యాక్స్ అడ్డు రాదు. ఇద్దరి ఐసాల్లో కలిపి 40,000 పెట్టి, మిగతా 5,000 మీ ఆవిడ పేరు మీద ఉంచితే (ఆవిడకి 1,000 పౌండ్ల వడ్డీ వరకు ట్యాక్స్ లేదు) ఆ 1,800 మొత్తం మీకే మిగులుతుంది, ఐసాలో కూడా 4 శాతమే వస్తుందనుకుంటే. అప్పుడు మామూలు ఫిక్స్ నికర ఖర్చు 7,880, ఆఫ్‌సెట్ కంటే 520 పౌండ్లు తక్కువ. ఐసా తీసుకునేటప్పుడు ఎప్పుడైనా డబ్బు తీయడానికి వీలున్నదే తీసుకోండి, అమ్మానాన్నల కోసమని ఉంచిన డబ్బుని రెండేళ్ల ఫిక్స్‌డ్ ఐసాలో ఇరికించకండి.

ఆఫ్‌సెట్‌కి ఎక్కువ రేటు మీ మొత్తం అప్పు మీద పడుతుంది, లాభం మాత్రం సేవింగ్స్ ఉన్నంత మేరకే. మీ రేట్లతోనే ఐసాతో పోల్చి చూస్తే, ఆఫ్‌సెట్ సమానం కావడానికి 1,10,000 పౌండ్ల సేవింగ్స్ ఉండాలి, అంటే అప్పులో సగం! అంత డబ్బుని ఒక్క ఏడాదిలో ఐసాల్లో పెట్టలేరు కాబట్టి నిజానికి ఇంకాస్త తక్కువకే కలిసొస్తుంది, 45 శాతం ట్యాక్స్ కట్టేవాళ్లకైతే (వాళ్లకి పైన చెప్పిన 500 పౌండ్ల వడ్డీ మినహాయింపు అసలే లేదు) ఇంకా ముందే. కానీ 45,000కి మాత్రం కాదు. పైగా ఇండియాకి ఒక 20,000 పంపిన మర్నాటి నుంచీ 4.8 శాతం రేటు అలాగే ఉంటుంది, దానివల్ల వచ్చే లాభమే దాదాపు సగం అవుతుంది.

బ్రోకర్లు కొందరు చెప్పకుండా వదిలేసేది ఇంకొకటి. ఆఫ్‌సెట్‌లో ఎంత డబ్బు పెట్టినా బ్యాంకు దృష్టిలో మీ అప్పు 2,20,000 పౌండ్లే, ఇంటి విలువలో 73 శాతం. ఇంటి విలువలో అప్పు ఎంత శాతమో చూసి బ్యాంకులు శ్లాబుల వారీగా రేటు ఇస్తాయి, కాబట్టి మీకు 75 శాతం శ్లాబు రేటే. అదే 40,000 నిజంగా కట్టేస్తే అప్పు 1,80,000కి దిగి సరిగ్గా 60 శాతం అవుతుంది, ఆ శ్లాబులో రేట్లు మామూలుగా ఇంకా తక్కువ. కానీ అప్పుడు మీ చేతిలో 5,000 పౌండ్లే మిగులుతాయి, వయసు మళ్లిన తల్లిదండ్రులు దూరాన ఉన్న మనిషికి నేను ఆ సలహా ఇవ్వలేను. ఐసాల్లో పెట్టి ఉంచండి. చాలా ఫిక్స్‌లలో ఏడాదికి బాకీలో 10 శాతం వరకు పెనాల్టీ లేకుండా అదనంగా కట్టనిస్తారు, అవసరం లేదని తేలిన డబ్బు అలా కట్టుకుంటూ వెళ్లవచ్చు. ఒకసారి కట్టాక వెనక్కి తీసుకోలేరని మాత్రం గుర్తుంచుకోండి.

ఐదు నెలల టైముంది కాబట్టి ఇప్పుడే ఒక రేటు బుక్ చేయించుకోండి. తర్వాత రేట్లు తగ్గితే, కొత్త లోన్ మొదలయ్యేలోపు మారడానికి సాధారణంగా వీలుంటుంది. ఫీజులు కూడా కలిపి చూడండి, ఇప్పుడున్న బ్యాంకునే కొత్త రేటు అడిగి అదీ పక్కన పెట్టి పోల్చండి.

ప్రశ్న: నేను సొంతంగా ఐటీ కాంట్రాక్టులు చేస్తాను. ట్యాక్స్ కోసం తీసి పెట్టిన డబ్బు నెలల తరబడి ఊరికే ఉంటోంది. నాకైనా ఆఫ్‌సెట్ పనికొస్తుందా?

జవాబు: మీకు పనికొచ్చే అవకాశం ఎక్కువే. జనవరి 31కి, జూలై 31కి కట్టాల్సిన ట్యాక్స్ డబ్బు, ఎమర్జెన్సీ డబ్బు అన్నీ కలిపి ఏడాది పొడుగునా సగటున ఎంత ఉంటుందో చూసి, పైన వేసిన లెక్కలో పెట్టి చూడండి. జనవరి మొదటి వారంలో ఉండే బ్యాలెన్స్ చూసి నిర్ణయం తీసుకోవద్దు, నెలాఖరుకి అది ఉండదు. ఒక్క షరతు ఏంటంటే, మీరు సోల్ ట్రేడర్ (కంపెనీ పెట్టకుండా సొంత పేరు మీదే పని చేసేవారు) అయితేనే ఇది నేరుగా కుదురుతుంది. లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని ఉంటే ఆ ఖాతాలో డబ్బు కంపెనీదే, మీది కాదు. దాన్ని మీ సొంత ఆఫ్‌సెట్ ఖాతాలోకి మార్చుకుంటే డైరెక్టర్ లోన్ (కంపెనీ దగ్గర మీరు తీసుకున్న అప్పు) కింద లెక్కకొచ్చి వేరే ట్యాక్స్‌లు మెడకు చుట్టుకోవచ్చు, ముందు మీ అకౌంటెంట్‌ని అడగండి.