టెక్ సందేహాలు: మాక్రో నొక్కితే ప్లగిన్ నడుస్తోంది!

ప్రశ్న: నోట్‌ప్యాడ్++ టెక్స్ట్ ఎడిటర్‌లో లాగ్ ఫైళ్లు శుభ్రం చేసే మాక్రోకి (రికార్డు చేసి పెట్టుకున్న పనుల వరుసకి) కంట్రోల్+ఆల్ట్+ఎమ్ పెట్టుకున్నాను. మా ఐటీ వాళ్లు జేఎస్‌టూల్ ప్లగిన్ (అదనపు సదుపాయాలిచ్చే చేర్పు) వేశాక ఆ కీలు నొక్కితే దానిలోని జేఎస్‌ఫార్మాట్ ఆదేశం నడుస్తోంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ టూల్స్ అనే ప్లగిన్‌లోని ప్రెట్టీ ప్రింట్‌ని (ఫైలుని చదవడానికి వీలుగా సర్దే ఆదేశాన్ని) పిలిచే ఇంకో మాక్రో ఉంది. అదైతే సంబంధం లేని పనేదో చేస్తోంది. నాకు అడ్మిన్ హక్కులు లేవు.
– ఓ పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఇవి రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిది తేలిక. జేఎస్‌ఫార్మాట్‌కి డిఫాల్ట్‌గానే కంట్రోల్+ఆల్ట్+ఎమ్ ఉంది. ఒకే కీలు రెండింటికి ఉంటే ఒక్కటే పనిచేస్తుంది, రెండోది కిమ్మనదు. సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్ మ్యాపర్ తెరిచి, మాక్రోస్ ట్యాబ్‌లో మీ మాక్రోని ఎంచుకోండి. తగువు ఎవరితోనో అడుగున ఉన్న పెట్టెలో కనిపిస్తుంది. తర్వాత ప్లగిన్ కమాండ్స్ ట్యాబ్‌లో జేఎస్‌ఫార్మాట్ వరుస మీద ఉండి క్లియర్ నొక్కితే చాలు.

అసలు చిక్కు రెండోదే. మాక్రో ప్లగిన్ ఆదేశాన్ని పేరుతో కాక నంబరుతో పిలుస్తుంది. యాప్‌డేటా రోమింగ్‌లోని నోట్‌ప్యాడ్++ ఫోల్డర్‌లో షార్ట్‌కట్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ ఉంటుంది. అందులో మీ మాక్రో కింద టైప్ 2 అని ఉన్న యాక్షన్ వరుస చూడండి. డబ్ల్యూపారమ్ విలువ 22 వేల పైచిలుకు ఉంటే అది ప్లగిన్ ఆదేశమే. ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ, ప్లగిన్లు లోడయ్యే వరుసలో 22000 నుంచి ఈ నంబర్లు పంచుతారు. జేఎస్‌టూల్ ముందు లోడై కొన్ని నంబర్లు తీసుకుంది కాబట్టి, దాని వెనకున్న ఎక్స్‌ఎమ్‌ఎల్ టూల్స్ ఆదేశాలన్నీ పెద్ద నంబర్లకు జరిగాయి. మీ మాక్రో మాత్రం ఇంకా పాత నంబరునే పిలుస్తోంది.

కొత్త నంబరు వెతికి రాయొచ్చు గానీ, మరో ప్లగిన్ రాగానే కథ మళ్లీ మొదటికే. ఆ వరుసనే మాక్రోలోంచి తీసేయడం మేలు. ప్రెట్టీ ప్రింట్‌ని దాని సొంత షార్ట్‌కట్‌తో నడపండి. ప్లగిన్ షార్ట్‌కట్లు అదే ఫైల్లో ప్లగిన్ డీఎల్‌ఎల్ ఫైలు పేరుతో నమోదవుతాయి, అందుకే అవి చెదరవు. మాక్రో ఒక నొక్కు, ప్రెట్టీ ప్రింట్ ఇంకో నొక్కు, అంతే. ఒక్క నొక్కుతోనే కావాలంటే పైథాన్‌స్క్రిప్ట్ ప్లగిన్‌లో రన్‌ప్లగిన్‌కమాండ్ ఉంది, అది పేరుతో పిలుస్తుంది. కాకపోతే దానికీ ఐటీ వాళ్లనే అడగాలి.

ఫైలు మీ సొంత ప్రొఫైల్లో ఉంటుంది కనుక దిద్దడానికి అడ్మిన్ హక్కులు అక్కర్లేదు. ముందు ఒక కాపీ తీసుకోండి. నోట్‌ప్యాడ్++ పూర్తిగా మూసేసి, విండోస్ నోట్‌ప్యాడ్‌తో దిద్దండి. తెరిచి ఉంచి దిద్దితే, అది మూసుకునేటప్పుడు మీ మార్పుల మీద పాతవి రాసేసే ప్రమాదం ఉంది.

ప్రశ్న: ఆఫీసులోని నోట్‌ప్యాడ్++ మాక్రోలు ఇంటి కంప్యూటర్‌కి తెచ్చుకోవచ్చా?
– ఓ పాఠకురాలు, పెరుంగుడి, చెన్నై

జవాబు: తెచ్చుకోవచ్చు. పైన చెప్పిన షార్ట్‌కట్స్.ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైల్లో మాక్రోస్ ట్యాగుల మధ్య ఉన్నదంతా ఇంటి ఫైల్లో అదే చోట అతికించండి. రెండు చోట్లా ప్లగిన్లు ఒకటే కాకపోతే, 22 వేల నంబర్ల వరుసలు మాత్రం తీసేయండి. ఇన్‌స్టాల్ చేయకుండా నడిపే పోర్టబుల్ వెర్షన్ అయితే ఫైలు ప్రోగ్రామ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది.