తిరుపతిలో కులాంతర పెళ్లి చేసుకున్నాం, మా ఇంట్లోవాళ్లు చంపుతామంటున్నారు. పోలీసు రక్షణ దొరుకుతుందా?
దొరుకుతుంది. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే పెళ్లికి పెద్దల అనుమతి అక్కర్లేదు. శక్తి వాహిని అనే స్వచ్ఛంద సంస్థ పరువు హత్యలపై వేసిన కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి జంటల కోసం ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, 24 గంటల హెల్ప్‌లైన్ పెట్టమంది. కాగితం మీద బాగానే ఉంది. మీరు మాత్రం వయసు రుజువులు, పెళ్లి ఫొటోలు పట్టుకుని నేరుగా తిరుపతి ఎస్పీ ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. ఇంట్లోవాళ్లు ఈలోపే కిడ్నాప్ కేసు పెట్టి ఉంటే, ‘నా ఇష్టంతోనే వచ్చాను’ అని మీరిచ్చే వాంగ్మూలమే కీలకం.

అన్నిటికంటే, ‘కోపం పోయింది, ఇంటికొచ్చేయ్ అమ్మా, రిసెప్షన్ చేస్తాం’ అనే ఫోన్‌తో జాగ్రత్త. అమ్మ ఏడ్చి పిలిచినా సరే ఒంటరిగా వెళ్లకండి. మాటలు పోలీస్ స్టేషన్‌లోనే మాట్లాడుకోవచ్చు. ప్రమాదం అనిపిస్తే 112, మహిళలకైతే 181 కూడా ఉంది.