ఇంట్లోనే ఉంటుంది కదా, మళ్లీ సెలవెందుకు?

ప్రశ్న: మా అమ్మాయికి 26 ఏళ్లు. తెనాలిలో మా ఇంట్లోనే కూర్చుని రెండేళ్లుగా అమెరికా కంపెనీకి పనిచేస్తోంది. ఇప్పుడు పది రోజులు సెలవు పెట్టి స్నేహితురాళ్లతో హిమాచల్ వెళ్తానంటోంది. ఆ తర్వాత నెల రోజులు మనాలిలో గది తీసుకుని అక్కడి నుంచే పని చేస్తుందట. ఇంట్లోనే ఉంటుంది కదా, మళ్లీ సెలవెందుకు? ఇలా తిరిగితే ఉద్యోగం నిలుస్తుందా? మాన్పించి హైదరాబాద్‌లో ఆఫీసున్న కంపెనీలో చేర్పించమంటారా? రెండింట్లో ఏది మేలో చెప్పండి.
ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఊళ్లు మారతాయి, లోపలి ప్రశ్న మాత్రం ఒకటే: అసలు ఇది ఉద్యోగమేనా? మీ అమ్మాయి పొద్దున్నే క్యారేజీ సర్దుకుని బస్సెక్కితే మీకు ఈ సందేహం వచ్చేది కాదు. సంబంధాలవాళ్లు అడిగితే ‘ఇంట్లోంచే చేస్తుందండీ’ అని చెప్పడానికి మీకు మొహమాటంగా ఉందేమో కూడా. మీరు రాయలేదు, నా అనుమానం చెబుతున్నాను.

సెలవు విషయంలో అమ్మాయిదే న్యాయం. ఒకసారి ఆమె రోజు ఎలా గడుస్తోందో చూడండి. అమెరికా తూర్పు తీరంలో వేసవి ఉదయం పదయ్యేసరికి మనకు రాత్రి ఏడున్నర. ఆమె మీటింగులు అప్పుడు మొదలవుతాయి. పగలేమో ‘ఇంట్లోనే ఉన్నావుగా’ అని గ్యాస్ బండ దింపించుకోమనేదీ, చుట్టాలొస్తే కాఫీ పెట్టమనేదీ మీరే. ఆఫీసుకెళ్లేవాడికి ఇంటికొచ్చే దారైనా ఉంటుంది. ఈమెకు అదీ లేదు. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. ఇంట్లో కూర్చుని చేసిన గంటలూ గంటలే కదండీ.

ఉద్యోగం పోతుందన్న భయానికి వద్దాం. పది రోజులు వెళ్లాలంటే ఆమె తన పనంతా కాగితం మీద పెట్టాలి: ఏది ఎక్కడుంది, ఏది ఆగింది, ఎవరిని అడగాలి. ఒకరి పక్కన ఒకరు కూర్చుని పనిచేసే వీలులేని టీముల్లో ఈ రాతే ఆసరా. సెలవే పెట్టని మనిషి పని ఆ ఒక్క బుర్రలోనే ఉండిపోతుంది. జ్వరమొచ్చి రెండు రోజులు పడుకుంటే చాలు, టీమంతా తడుముకోవాలి. తెలివైన మేనేజర్లు సెలవు పెట్టమని వెంటపడేది అందుకే. వెబ్‌సైట్లు తయారుచేసుకునే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌ను నడిపే ‘ఆటోమాటిక్’ అనే కంపెనీలో ఉద్యోగులు ఎక్కడివాళ్లక్కడే పనిచేస్తారు. ఐదేళ్లు నిండినవాళ్లకు జీతంతో రెండు మూడు నెలల సెలవిస్తారు. మీరు పది రోజులకే కంగారు పడుతున్నారు.

మనాలి గది దగ్గర మాత్రం నేను మీ పక్షం. విహారానికెళ్లిన చోటి నుంచే పనిచేసే ఈ ‘వర్కేషన్’ మోజు మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఫొటోలో ల్యాప్‌టాప్ వెనక మంచుకొండ ఉంటుంది. కరెంటు పోయిన గంటా, కాల్ మధ్యలో తెగిన నెట్టూ ఫొటోలో పడవు. వానాకాలం ఇంకా కష్టం. 2023 జులైలో బియాస్ నది పొంగి మనాలి రోడ్డును చాలాచోట్ల కోసేసింది. పగలు కొండలెక్కి, రాత్రి మీటింగుల్లో కూర్చుంటే విశ్రాంతీ దక్కదు, పనీ సాగదు. పైగా దాన్ని సెలవని పేరు పెట్టుకుని అసలు సెలవు వదులుకుంటున్న పిల్లల్ని చూస్తున్నాను. మేనేజర్‌కి చెప్పకుండా ఊరు మారడం మరీ ప్రమాదం. ఎక్కడి నుంచి లాగిన్ కావచ్చో కంపెనీకి నియమాలుంటాయి. తప్పదంటే ముందు మెయిల్‌లో అనుమతి తీసుకుని, వారం ఉండి చూడమనండి. రేపు థాయ్‌లాండ్ అంటే ఈ చిక్కుకు వీసా, పన్ను కూడా తోడవుతాయి.

ఇక హైదరాబాద్. డిగ్రీ అవగానే మొదటి ఉద్యోగమైతే ఆఫీసుకే వెళ్లమంటాను, పక్క సీటు సీనియర్‌ని చూసి నేర్చుకునేది చాలా ఉంటుంది. రెండేళ్లు నెగ్గుకొచ్చిన మనిషిని, మీ కళ్లకు ఆఫీసు కనబడడం కోసం, అద్దె కట్టించి ట్రాఫిక్‌లో తిప్పడమెందుకు? తీసేసే రోజు వస్తే ఆఫీసులో ఉన్నవాళ్లనీ తీసేస్తారు.

మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆమెకు పీఎఫ్ ఖాతా, జీతంలో కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే ఫారం 16 ఉన్నాయా? లేక నెలనెలా తనే ఇన్‌వాయిస్ (బిల్లు) పంపి డాలర్లు తెప్పించుకుంటోందా? మొదటిదైతే ఆమె ఉద్యోగి. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) కింద ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి ఏడాది జీతంతో 15 రోజుల సెలవు హక్కు, కంపెనీ దయ కాదు. రెండోదైతే ఆమె కాంట్రాక్టర్. సెలవు రోజులకు డబ్బు రాకపోవచ్చు, ఒప్పందంలో ఏముంటే అదే. అలాగైతే హిమాచల్ వెళ్లిరానిచ్చి మళ్లీ రాయండి. అప్పుడు మాట్లాడాల్సింది ఆరోగ్య బీమా గురించి, పీఎఫ్ లేనప్పుడు తనంతట తాను చేయాల్సిన పొదుపు గురించి.