ఫుల్ ఫ్రేమ్ కెమెరా కోసం అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: సార్, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. నా దగ్గర కిట్ లెన్స్‌తో (కెమెరాతో పాటే వచ్చే మామూలు లెన్స్) పాత క్రాప్ సెన్సర్ కెమెరా ఉంది, అంటే వెలుతురుని ఫోటోగా మార్చే సెన్సర్ చిన్నది. ఏడాదిగా ఒక సీనియర్ అన్న వెంట పెళ్ళిళ్ళకి అసిస్టెంట్‌గా వెళ్తున్నా. రాత్రి పెళ్ళిళ్ళలో నా ఫోటోలు బాగా రావడం లేదు. ఫుల్ ఫ్రేమ్, అంటే పెద్ద సెన్సర్ కెమెరా, లేకపోతే ఈ ఫీల్డ్‌లో ఎవరూ లెక్కచేయరని ఫ్రెండ్స్ అంటున్నారు. రాత్రి రెండింటి దాకా కెమెరా రివ్యూలే చూస్తున్నా. కెమెరా బాడీ, లెన్స్ కలిపి 3 లక్షలు అవుతుంది. అమ్మ తన గాజులు తాకట్టు పెడదామంటోంది, మిగతాది లోన్. డిగ్రీ మానేసి పూర్తిగా దీంట్లోకి దిగనా?

జవాబు: తమ్ముడూ, గాజులు తాకట్టు పెట్టొద్దు. డిగ్రీ మానొద్దు. ఈ రెండూ ముందే చెప్పేస్తున్నా. ఇక నీ ఫోటోల సంగతి చూద్దాం, అసలు విషయం అక్కడే ఉంది.

నీ కిట్ లెన్స్‌ని 55 ఎంఎం దాకా జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, 5.6 కంటే తెరుచుకోదు. ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది. మండపంలో ఉన్న కాస్త వెలుతురులో చాలా భాగం ఆ లెన్స్ దగ్గరే ఆగిపోతోంది, దాంతో కెమెరా ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే స్థాయి) పెంచేసి ఫోటోని గరుకుగా చేస్తుంది, లేదంటే షటర్ నెమ్మదించి తలంబ్రాలు పోసే చేతులు చెదిరిపోతాయి. నువ్వేమో తప్పంతా సెన్సర్‌ మీద వేస్తున్నావు. ఒకసారి లెక్క వేసి చూడు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ అంటే 36 బై 24 మిల్లీమీటర్లు, వైశాల్యంలో నీ క్రాప్ సెన్సర్‌కి సుమారు 2.3 రెట్లు, అంతే. అదే నీ పాత బాడీకే ఒక 50 ఎంఎం 1.8 లెన్స్ తగిలిస్తే, 5.6తో పోల్చినప్పుడు 9 రెట్లకు పైగా వెలుతురు వస్తుంది. దాని ధర నువ్వు చెప్పిన 3 లక్షల్లో పదో వంతు కూడా ఉండదు, సెకండ్ హ్యాండ్‌లో ఇంకా తక్కువ. క్రాప్ బాడీ మీద అది దాదాపు ఫుల్ ఫ్రేమ్ మీద 75 ఎంఎం లెన్స్ చూపినంత దగ్గరగా చూపిస్తుంది కాబట్టి పెళ్ళికూతురి ముఖం, అప్పగింతల్లో తండ్రి కళ్ళు దూరం నుంచి తీయడానికి చక్కగా పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త: 1.8లో జంటని తీస్తే ఒకరి కళ్ళు షార్ప్‌గా వచ్చి ఇంకొకరివి మసకబారతాయి. ఇద్దరున్నప్పుడు 2.8 పెట్టు, అప్పటికీ పాతదాని కంటే నాలుగు రెట్లు వెలుతురు ఉంటుంది. గ్రూప్ ఫోటోలకి కిట్ లెన్స్, ఒక మామూలు ఫ్లాష్ చాలు. రంగుల షామియానా కింద మాత్రం ఫ్లాష్‌ని పైకి తిప్పకు, ఆ గుడ్డ రంగంతా ముఖాల మీదకి దిగుతుంది.

మా మేనమామకి భీమవరంలో చిన్న స్టూడియో ఉండేది. ఒకే ఫిల్మ్ కెమెరా ఇరవై ఏళ్ళకి పైగా వాడాడు. ఏ మీట ఎక్కడుందో ఆయన వేళ్ళకి తెలుసు, చూడకుండానే రోల్ మార్చేవాడు. రోల్‌కి 36 ఫోటోలే కదా, పురోహితుడు మాంగల్యధారణ మంత్రం ఎత్తుకునేసరికి ఫ్లాష్ చార్జయి ఉండాలి, రోల్‌లో కనీసం పది ఫ్రేములు మిగిలి ఉండాలి, ఈ లెక్క ఆయన ఎప్పుడూ తప్పలేదు. చిన్నప్పుడు బ్యాగ్ మోస్తూ పక్కన నిలబడి చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా, కెమెరా మీద ప్రేమంటే నాకు గుర్తొచ్చేది అదే. నువ్వు రివ్యూలకి ఇస్తున్న రాత్రుల్ని నీ కెమెరాకి ఇవ్వు. గదిలో లైటు ఆర్పేసి ఐఎస్ఓ మార్చు, ఫోకస్ పాయింట్ జరుపు. బటన్ వైపు చూడకుండా చెయ్యి దానంతటది వెళ్ళేదాకా చెయ్యి.

ఇంకో పని, ఇది తప్పకుండా చెయ్యి. ప్రతి పెళ్ళి తర్వాత పోయిన ఫోటోల్ని ఒక నోటుబుక్‌లో రెండు వరసలుగా రాసుకో, కెమెరా వల్ల పోయినవి ఒకపక్క, నా వల్ల పోయినవి ఒకపక్క. నిజాయితీగా రాయాలి. తప్పు చోట నిలబడటం, జీలకర్ర బెల్లం టైమ్‌కి బ్యాటరీ మార్చుకుంటూ ఉండిపోవడం, ఇవన్నీ రెండో వరసలోకే వస్తాయి.

కెమెరా మార్చాల్సిన నిజమైన కారణాలు లేకపోలేదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది రెండు కార్డ్ స్లాట్లు, అంటే ప్రతి ఫోటో ఒకేసారి రెండు మెమరీ కార్డుల్లో పడే వీలు. నీలాంటి ఎంట్రీ లెవల్ బాడీల్లో సాధారణంగా ఒకటే ఉంటుంది. ఆ కార్డు పాడైతే తాళి కట్టడం మళ్ళీ జరిపించలేం కదా. నీ సొంతంగా ఆర్డర్ ఒప్పుకున్న రోజున రెండు స్లాట్ల కెమెరా చేతిలో ఉండి తీరాలి, ఆ ఒక్కరోజుకి అద్దెకి తెచ్చుకో, ఆ అద్దె ఆర్డర్ అడ్వాన్స్‌లోంచే కట్టు. అలా నాలుగైదు ఆర్డర్లు చేస్తే ఏ బాడీ నీ చేతికి కుదురుతుందో కూడా తెలిసిపోతుంది. నికాన్, కానన్ రెండూ 2018లో మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాల కోసం లెన్స్ బిగించే కొత్త మౌంట్లు తెచ్చాయి. అందుకే పాత డీఎస్ఎల్ఆర్‌లు (లోపల అద్దం ఉన్న కెమెరాలు), వాటి లెన్సులు సెకండ్ హ్యాండ్‌లో బాగా దొరుకుతున్నాయి. ఆ లెన్సుల్లో చాలావాటిని రేపు మిర్రర్‌లెస్‌కి మారినా అడాప్టర్‌తో వాడుకోవచ్చు. కొనేముందు షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు తీసిందో ఆ లెక్క) అడుగు, లెన్స్‌లోకి టార్చి వేసి చూడు.

టార్చి ఎందుకంటే ఫంగస్. మీ కోనసీమ గాలిలో తడి ఎక్కువ. నేనొకసారి ఒక మంచి లెన్స్‌ని లెదర్ బ్యాగ్‌లో పెట్టి బీరువాలో వదిలేశాను, వానాకాలం వెళ్ళాక తీస్తే అద్దం లోపల సాలెగూడులా పట్టేసింది. ఇప్పటికీ బాధేస్తుంది. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపించే చిన్న మీటరు కొను. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే చాలు.

డబ్బు లెక్క కూడా చూడు. మొత్తం 3 లక్షలూ 15 శాతం వడ్డీకి రెండేళ్ళ లోన్ అనుకుంటే నెలకి సుమారు 14,500 కట్టాలి. ఆషాఢంలో పెళ్ళిళ్ళుండవు, పుష్యంలో ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు, కిస్తీ మాత్రం ప్రతి నెలా వస్తుంది. గాజులు కూడా తాకట్టులో ఉన్నాయంటే ఆ టెన్షన్ నీకంటే ముందు అమ్మకి.

డిగ్రీ విషయం. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న రాజా దీన్ దయాళ్ రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూనే ఫోటోగ్రఫీ నేర్చుకున్నారు, పేరు వచ్చి పని పెరిగాకే ఉద్యోగం వదిలారు. నీకు మిగిలింది రెండేళ్ళు కూడా లేదు. కొటేషన్ రాయడం, అడ్వాన్స్ లెక్కలు, రేపు జీఎస్టీ, వీటన్నిటికీ బీకాం పనికొస్తుంది. నువ్వు ఇంటర్‌లో ఉండి ఉంటే ఫోటోగ్రఫీ బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ప్రయత్నించమనేవాణ్ణి, ఇప్పుడు మాత్రం చేతిలో ఉన్నది పూర్తి చెయ్యి.

చిన్న కెమెరాతో మండపంలో నిలబడటానికి సిగ్గేస్తుందేమో, అర్థం చేసుకోగలను, ఈ వయసులో అది చిన్న బాధేమీ కాదు. దానికి మందు మీ సీనియర్ అన్న దగ్గరుంది. ఇప్పటిదాకా తీసిన వాటిలో మంచివి ముప్పై ఏరి ఆయనకి చూపించు, వచ్చే సీజన్‌లో రెండో ఫోటోగ్రాఫర్ పని నాకివ్వన్నా అని నోరు తెరిచి అడుగు. నోటుబుక్‌లో పది పెళ్ళిళ్ళు నిండాక మళ్ళీ రాయి. కెమెరా వల్ల పోయాయన్న వరసలో ఏమేం ఉన్నాయో చూసి, ఏ బాడీ కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.