డప్పు కలిపితే పాట ముద్దయింది

ప్రశ్న: మాది మిర్యాలగూడ రాక్ బ్యాండ్. రెండో ఆల్బమ్‌ల డప్పు కూడా కలిపినం. మొదటిదానికంటే బాగనే వాయిస్తున్నం గానీ, రికార్డింగ్ వింటే అంతా ముద్దముద్దగ ఉంది. ఏం చెయ్యాలె?
– ఒక పాఠకుడు

జవాబు: వాయిద్యాలు పెరిగినప్పుడు ఒక్కొక్కరూ తక్కువ వాయించాలి. చాలా బ్యాండ్లు తప్పేది ఇక్కడే. ముందు బేస్ గిటార్, కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) రెండే వినండి. 60–100 హెర్ట్జ్ దగ్గర, అంటే బాగా కింది శ్రుతుల్లో, అవి ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. కిక్‌ను 60 దగ్గర ఉంచి, బేస్‌ను అక్కడే 3 డెసిబెల్స్ తగ్గించండి. గిటార్లకు 100 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని కోసేయండి. రెండు గిటార్లూ ఒకే కార్డ్ (కలిపి మోగించే స్వరాలు) ఒకే చోట పట్టుకుంటే మాత్రం ఏ మిక్సింగూ కాపాడదు: ఒకరు పై ఫ్రెట్లకు పోవాలి, ఇద్దరూ డిస్టార్షన్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) బాగా దించాలి.

ఇక డప్పు. మంటకు కాగితే తోలు బిగిసి ఖంగున మోగుతుంది; గదిలో చల్లారేకొద్దీ వదులై శ్రుతి దిగుతుంది. మొదటి టేకుకూ నాలుగో టేకుకూ అతుకు పడనిది అందుకే. ప్రతి టేకుకు ముందు బయట కాచుకు రండి. మైకును అడుగు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెడితే చిటికెన పుల్ల (డప్పు వాయించే సన్న పుల్ల) దెబ్బ చెవిలో గుచ్చుకోదు. డప్పు దరువున్న చోట స్నేర్ (చురుగ్గా మోగే చిన్న డ్రమ్) మానేయమని డ్రమ్మర్‌కు చెప్పండి. అంత తేలిగ్గా ఒప్పుకోడు, అది వేరే సంగతి.