విండోస్ 11కు మారాక సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే, ఫార్మాట్‌కు ముందు ర్యామ్ సంగతి తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విడిభాగాలు కొని మీరే అసెంబుల్ చేసుకున్న డెస్క్‌టాప్ మూడేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది. విండోస్ 10 నుంచి 11కు అప్‌గ్రేడ్ చేసినప్పటి నుంచి రోజుకు రెండు మూడు సార్లు దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. ఒక్కోసారి బ్లూ స్క్రీన్, ఒక్కోసారి ఏమీ లేకుండా స్క్రీన్ నల్లబడిపోవడం. గ్రాఫిక్స్ డ్రైవర్ రెండుసార్లు తీసి పెట్టినా మార్పు లేదు. ఇక ఫార్మాట్ చేసేయడమేనా అని మీ సందేహం.

ఇప్పుడే ఫార్మాట్ చేయకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే నాకు జరిగింది చెప్పాలి. నేను ఫార్మాట్ చేసి, అదే తప్పు చేసి, ఫలితం చూసినవాణ్ని.

విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో ఉచిత సపోర్టు ఆగిపోతుందని తెలిసి, దానికి నెల ముందు నేనూ 11కు మారాను. నా సిస్టమ్‌లో నాలుగు ర్యామ్ స్టిక్కులున్నాయి. రెండు మొదట్లో కొన్నవి, మరో రెండు ఏడాదిన్నర తర్వాత చేర్చినవి. నాలుగూ 3200 స్పీడువే. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను పెట్టె మీద రాసిన పూర్తి స్పీడులో నడిపే సెట్టింగు) ఆన్ చేసి హాయిగా వాడుకుంటున్నాను. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం అడుగుతుంది కదా, అది బయాస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసే ముందు కొత్త బయాస్ వేసుకోమని మదర్‌బోర్డు సపోర్ట్ పేజీలో ఉంటే వేశాను. సీఎస్‌ఎం (పాత తరహా బూట్ పద్ధతి) ఆఫ్ చేశాను, సెక్యూర్ బూట్ ఆన్ చేశాను. పాత డిస్క్ ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉంది కాబట్టి ఎంబీఆర్2జీపీటీ టూల్‌తో కొత్త జీపీటీ పద్ధతికి మార్చాను. బయాస్ అప్‌డేట్‌తో సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి గనక ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చేశాను. ఆ తర్వాతే విండోస్ 11 ఎక్కించాను.

లెక్కపెట్టండి, ఒక్క సాయంత్రంలో ఎన్ని మార్చానో. నా బుర్రలో మాత్రం మారింది ఒక్కటే, విండోస్. మర్నాటి నుంచి రీస్టార్ట్‌లు మొదలైతే తప్పంతా దానిమీదే వేశాను. మీరూ ఈ మధ్య బయాస్ ముట్టుకున్నారేమో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. 11కు మారినవాళ్లలో చాలామంది టీపీఎం కోసమైనా బయాస్‌లోకి వెళ్లే ఉంటారు.

రెండు వారాలు గ్రాఫిక్స్ డ్రైవర్ చుట్టూనే తిరిగాను. స్క్రీన్ నల్లబడుతోంది కాబట్టి గ్రాఫిక్స్ కార్డే అనుకోవడం సహజం. సేఫ్ మోడ్‌లో పాత డ్రైవర్ ఆనవాళ్లు లేకుండా తుడిచేసి కొత్తది వేశాను, ఆ కొత్తది తీసి పాతది వేశాను. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనకు జరిగినవి రాసుకునే చిట్టాలో) చూస్తే ప్రతిసారీ కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తు. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) పోయిందని కూడా అనుకున్నాను. ఇక్కడ చాలామంది పొరబడతారు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. 41 అంటే కరెంటు సమస్య అని కాదు. 'ఇంతకుముందు నేను సరిగ్గా షట్‌డౌన్ కాలేదు' అని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే నోట్ అది, అంతే. అసలు సమాచారం దాని డీటెయిల్స్ ట్యాబ్‌లో బగ్‌చెక్ కోడ్ అనే వరుసలో ఉంటుంది. అక్కడ సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదయ్యే వ్యవధి కూడా లేకుండా ఆగిపోయిందన్నమాట. అప్పుడు కరెంటు సరఫరా, వేడి, పూర్తిగా బిగుసుకుపోవడం లాంటివి ఆలోచించాలి. సున్నా కాక వేరే సంఖ్య ఉంటే అది బ్లూ స్క్రీన్ మీద వచ్చే స్టాప్ కోడే. అయితే బ్లూ స్క్రీన్ దాన్ని హెక్స్‌లో (16 ఆధారంగా లెక్కించే పద్ధతిలో) చూపిస్తే, ఇక్కడ మామూలు పదుల లెక్కలో చూపిస్తుంది. బ్లూ స్క్రీన్ మీద 116గా కనిపించే గ్రాఫిక్స్ కోడ్ ఇక్కడ 278గా ఉంటుంది. మెమరీ మేనేజ్‌మెంట్ కోడ్ 1ఏ ఇక్కడ 26. హార్డ్‌వేర్ ఎర్రర్ కోడ్ 124 ఇక్కడ 292. 278 అని నెట్‌లో వెతికితే ఏమీ దొరక్క తల పట్టుకుంటారు, అందుకే చెబుతున్నాను.

నాకు వచ్చిన కోడ్లు ఒకసారి 26, ఒకసారి 10, ఒకసారి 80, ఇంకోసారి సున్నా. ఇలా కోడ్లు రోజుకొకటిగా మారుతుండటమే పెద్ద ఆధారమని నాకు అప్పుడు తట్టలేదు. ఒక డ్రైవర్‌లో లోపముంటే మామూలుగా అదే కోడ్, అదే ఫైలు పేరు మళ్లీ మళ్లీ వస్తాయి. ఏ పనిలో ఉన్నా, ఏ ప్రోగ్రామ్ తెరిచినా, ఎక్కడ పడితే అక్కడ కూలుతుంటే అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని అనుమానించాలి. అన్నిటికీ ఉమ్మడిగా ఉండేది మెమరీ.

చివరికి విసిగిపోయి ఫార్మాట్‌కు సిద్ధమయ్యాను. ముందు బ్యాకప్ తీసుకుందామని ఫొటోలన్నీ ఒక జిప్ ఫైలుగా చేసి బయటి డిస్క్‌లో వేశాను. ఎందుకో అనుమానమొచ్చి ఆ జిప్ తెరిచి చూస్తే మధ్యలో సీఆర్‌సీ ఎర్రర్, అంటే ఫైలులోని డేటా మారిపోయిందని. మళ్లీ చేశాను, మళ్లీ ఎర్రర్, ఈసారి వేరే ఫొటో దగ్గర. అసలు ఫొటోలేమో బాగానే తెరుచుకుంటున్నాయి. అంటే డిస్క్‌లో బాగున్నదే, కాపీ అవుతూ దారిలో చెడిపోతోంది. ఆ దారి ర్యామ్. అయినా ఆ రాత్రి నాకది పూర్తిగా ఎక్కలేదు. ఫార్మాట్ చేసి విండోస్ 11 కొత్తగా వేశాను. ఇన్‌స్టాల్ అవుతుండగానే ఒకసారి ఆగిపోయింది. రెండోసారి పూర్తయింది గానీ, మూడు గంటలకే మళ్లీ రీస్టార్ట్.

అప్పుడు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాన్నుంచి బూట్ చేశాను. విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది కాబట్టి ఇక్కడ దొరికే తప్పుకు విండోస్‌ను నిందించే వీలుండదు. మొదటి పాస్ (పరీక్షలన్నీ ఒక విడత) శుభ్రంగా దాటింది. అక్కడే ఆపేసి ఉంటే ర్యామ్ బాగుందనుకునేవాణ్ని. రెండో పాస్ సగంలో ఎర్రర్ల లెక్క సున్నా నుంచి ఒకటైంది, కాసేపటికి ఆరైంది. మెమరీలో రాసిన అంకెనూ, తిరిగి చదివిన అంకెనూ స్క్రీన్ మీద పక్కపక్కన చూపిస్తుంది. ఎనిమిది అక్షరాల్లో ఏడు ఒకేలా ఉన్నాయి, ఒక్కటే మారిపోయింది. ఆ ఒక్క అక్షరం కోసం నేను రెండు వారాలు డ్రైవర్లు మార్చాను.

బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి, నాలుగు స్టిక్కులతోనే మళ్లీ రాత్రంతా నడిపాను. నాలుగు పాసులు, ఒక్క ఎర్రర్ లేదు. ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి రెండు పాత స్టిక్కులు మాత్రమే ఉంచాను, ఎర్రర్ లేదు. రెండు కొత్తవి మాత్రమే ఉంచాను, ఎర్రర్ లేదు. నాలుగూ పెట్టి ఎక్స్‌ఎంపీ ఆన్ చేస్తే మాత్రం గంటన్నర లోపే వచ్చేది. ఏ స్టిక్కూ చెడిపోలేదు. నాలుగూ కలిసి ఆ స్పీడులో నడవలేకపోతున్నాయి.

దీని వెనక కారణం ఉంది. ఎక్స్‌ఎంపీ అనేది వినడానికి మామూలు సెట్టింగులా ఉంటుంది గానీ నిజానికి అది ఓవర్‌క్లాకింగే, అంటే మామూలు స్పీడు మించి నడపడమే. డీడీఆర్4 రకం ర్యామ్ మామూలుగా 1.2 వోల్టుల మీద నడిస్తే, 3200 ఎక్స్‌ఎంపీ కిట్లు ఎక్కువగా 1.35 వోల్టులు తీసుకుంటాయి. పెట్టె మీద 3200 అని ఉండటం ఆ పెట్టెలోని స్టిక్కులకే వర్తిస్తుంది, రెండు వేర్వేరు పెట్టెలు కలిపితే ఆ హామీ పోతుంది. పైగా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కూ హద్దులుంటాయి. ఉదాహరణకు రైజెన్ 3000 సిరీస్‌కు రెండు స్టిక్కులతో 3200 అని ఉంటే, నాలుగు స్లాట్లూ నిండితే 2933, ఆ నాలుగూ డ్యూయల్ ర్యాంక్ (రెండు జట్ల మెమరీ చిప్‌లున్న) స్టిక్కులైతే 2667 అని ఏఎండీ స్పెసిఫికేషన్‌లోనే ఉంది. మూడేళ్లు నా సిస్టమ్ పనిచేసింది కదా అంటే, అంచు మీద పనిచేసింది. బయాస్ మారినప్పుడు మెమరీకి అది సొంతంగా పెట్టుకునే చిన్న చిన్న టైమింగులు, వోల్టేజీలు కూడా మారొచ్చు. అంచు మీదున్నది కింద పడటానికి ఆపాటి తేడా చాలు. ఇప్పుడు నాలుగు స్టిక్కులనూ 2933లో నడుపుతున్నాను. అప్పటి నుంచి ఒక్క రీస్టార్ట్ లేదు. వాడకంలో తేడా కూడా నాకు తెలియలేదు.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని బయాస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేయడం. మీ బోర్డులో అది డీఓసీపీ అనో ఎక్స్‌పో అనో ఉండొచ్చు. ప్రాసెసర్‌కు ఏదైనా ఓవర్‌క్లాక్ గానీ అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించడం) గానీ పెట్టి ఉంటే అదీ తీసేయండి. ఇంకేమీ ముట్టుకోకుండా రెండు మూడు రోజులు వాడండి. రోజుకు మూడుసార్లు కూలే సిస్టమ్ మూడు రోజులు కూలలేదంటే దారి దొరికినట్టే. ఈ మార్పు చేశాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నిమిషం, రెండు నిమిషాలు నల్లగా ఉండిపోవచ్చు, తనే ఒకటి రెండుసార్లు ఆగి లేవొచ్చు. మెమరీని మళ్లీ సరిచూసుకుంటోందని అర్థం. కంగారుపడి పవర్ బటన్ నొక్కకండి.

బయాస్‌లోకి వెళ్లే ముందు ఒక జాగ్రత్త. బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయాలు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. బయాస్ అప్‌డేట్ చేసినా, టీపీఎం సెట్టింగులు కదిలించినా బూట్ దగ్గర ఆ కీ అడిగే అవకాశం ఉంది. అది లేకపోతే డేటా తెరుచుకోదు.

తర్వాత మెమ్‌టెస్ట్. తక్కువలో తక్కువ నాలుగు పాసులు, రాత్రి పడుకునే ముందు పెట్టండి. విండోస్‌లో ఉండే మెమరీ డయాగ్నొస్టిక్ పైపైన చూస్తుంది. నా ర్యామ్‌ను అది రెండుసార్లు బాగుందనే చెప్పింది.

ర్యామ్ మీద నమ్మకం కుదిరేదాకా విండోస్ రిపేర్ జోలికి వెళ్లకండి. ఇది బతిమాలి చెబుతున్నాను. ఎస్‌ఎఫ్‌సీ, డిజ్మ్ లాంటి విండోస్ రిపేర్ కమాండ్లు పాడైన ఫైళ్లను తీసేసి మంచివి రాస్తాయి, కానీ ఆ మంచివి కూడా ర్యామ్ మీదుగానే వెళ్తాయి. ర్యామే తప్పుగా రాస్తుంటే రిపేర్ చేసినా కొత్తగా పాడుచేసినట్టే. బ్యాకప్ విషయంలోనూ అంతే. ఇప్పుడు తీసే కాపీని పాత మంచి బ్యాకప్ మీద రాయకండి, వేరే ఫోల్డర్‌లో పెట్టండి. నా ఫొటోల్లో పదకొండు ఇలాగే పోయాయి. తుడిచిన డిస్క్‌లో బాగున్నవి, దాచుకున్న కాపీలో చెడిపోయి ఉన్నాయి.

ర్యామ్ శుభ్రంగా తేలాక అప్పుడు డిస్క్ లోపాలు చూసే చెక్‌డిస్క్, ఆ తర్వాత డిజ్మ్ రీస్టోర్‌హెల్త్, చివర్లో ఎస్‌ఎఫ్‌సీ, ఈ వరుసలో చేయండి. ఎస్‌ఎఫ్‌సీ మంచి ఫైళ్లు తెచ్చుకునే గోదామును డిజ్మ్ బాగుచేస్తుంది, అందుకే అది ముందు.

ఒకవేళ ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసినా రీస్టార్ట్‌లు ఆగకపోతే? బగ్‌చెక్ కోడ్ ఎప్పుడూ సున్నాయే, అదీ గేములు ఆడేటప్పుడే అయితే, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే పవర్ కేబుల్ చూడండి. కార్డుకు రెండు 8-పిన్ సాకెట్లుంటే ఒకే కేబుల్‌కున్న రెండు కొసలు గుచ్చకుండా, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీసుకోండి. ఒక్కో 8-పిన్ కనెక్టర్ 150 వాట్లకు ఉద్దేశించింది. కోడ్ ప్రతిసారీ ఒకటే, దానికింద ఒకే ఫైలు పేరు వస్తుంటే డ్రైవర్ సమస్యే కావచ్చు. లైట్లు, ఫ్యాన్లు నియంత్రించే పాత సాఫ్ట్‌వేర్లు అప్‌గ్రేడ్‌తో పాటు లోపలికి వచ్చేసి ఉంటాయి, ముందు వాటిని తీసేయండి. రీస్టార్ట్ కాకుండా ఉన్నట్టుండి అరక్షణం తడబడటమే మీ ఇబ్బంది అయితే, ప్రాసెసర్ రైజెన్ అయితే, అది వేరే సంగతి. ఎఫ్‌టీపీఎం (విడి చిప్ లేకుండా ఫర్మ్‌వేర్‌తో నడిచే టీపీఎం) వల్ల అలా జరుగుతుందని ఏఎండీ 2022లో ఒప్పుకుని బయాస్ అప్‌డేట్‌తో సరిచేసింది.

అప్‌గ్రేడ్ చేసి పది రోజులు దాటకపోతే సెట్టింగ్స్‌లో రికవరీ కింద వెనక్కి వెళ్లే బటన్ ఇంకా ఉంటుంది. కానీ అది విండోస్‌ను మాత్రమే వెనక్కి తీసుకెళ్తుంది, బయాస్‌ను కాదు. విండోస్ 10కు తిరిగి వెళ్లినా రీస్టార్ట్‌లు ఆగలేదంటే విండోస్ తప్పు కాదని అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇవి చూసి మూడు విషయాలు రాయండి: చివరి అయిదు రీస్టార్ట్‌లకు బగ్‌చెక్ కోడ్లు, మొత్తం ఎన్ని ర్యామ్ స్టిక్కులు, ఒక్కోదాని స్టిక్కర్ మీదున్న మోడల్ నంబరు. రెండే స్టిక్కులైతే అవి ఏ స్లాట్లలో ఉన్నాయో కూడా చెప్పండి. చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి.