ఉత్తర ధ్రువం చేరువలో దూరం లెక్కగట్టే తీరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లోని న్యూ-ఆలెసుండ్‌లో 2008 నుంచి మన దేశం నడుపుతున్న హిమాద్రి పరిశోధన కేంద్రానికి వెళ్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. లాంగియర్‌బ్యెన్ విమానాశ్రయం నుంచి అక్కడికి ఎంత దూరమో గోడపటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఐదు వందల కిలోమీటర్లు దాటిందని రాశావు. విమానాల ప్రయాణ ప్రణాళికలు వేయడంలో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి కనుక, ఈ లెక్క నీ చేతే చేయించాలని నా కోరిక.

నీ కొలతలో పొరపాటు లేదమ్మా, పటం స్వభావమే అంత. భూమి మీద రేఖాంశాలు ధ్రువం వైపు వెళ్లేకొద్దీ దగ్గరపడుతూ చివరకు ఒక్క బిందువులో కలుస్తాయి. నీ గోడపటం వంటి మెర్కేటర్ పటం (గుండ్రటి భూమిని చదునైన దీర్ఘచతురస్రంగా పరిచి చూపే పటం) మాత్రం వాటిని ఎక్కడా కలవనీయక సమాంతరంగా నిలబెడుతుంది, ఆ అడ్డసాగుకు తగినట్టు నిలువునా సాగదీస్తుంది. 78 డిగ్రీల అక్షాంశం దగ్గర ఈ సాగు దాదాపు ఐదు రెట్లు.

అందుచేత స్కేలు పక్కన పెట్టి, రెండు విమానాశ్రయాల అక్షాంశ రేఖాంశాలు రాసుకో. లాంగియర్‌బ్యెన్ 78.25 ఉత్తరం, 15.47 తూర్పు, న్యూ-ఆలెసుండ్ 78.93 ఉత్తరం, 11.87 తూర్పు. అక్షాంశాల తేడా 0.68 డిగ్రీ; అక్షాంశం ఎక్కడైనా డిగ్రీకి సుమారు 111 కిలోమీటర్లే కనుక ఇది 76 కిలోమీటర్లు. రేఖాంశాల తేడా 3.6 డిగ్రీలు. దీన్ని 111తో నేరుగా గుణించకూడదు. ముందుగా సగటు అక్షాంశమైన 78.6 డిగ్రీల కొసైన్‌తో 111ను గుణిస్తే, అక్కడ ఒక రేఖాంశ డిగ్రీ విలువ 22 కిలోమీటర్లేనని తేలుతుంది. అంటే అడ్డదూరం 79. ఈ రెండింటినీ లంబకోణ త్రిభుజం భుజాలుగా తీసుకుంటే కర్ణం సుమారు 110 కిలోమీటర్లు. హైదరాబాదుకూ కాకినాడకూ మధ్య రేఖాంశాల తేడా కూడా దాదాపు ఇంతే, కానీ మన దగ్గర అది 400 కిలోమీటర్లు! ఈ పోలిక మనసులో నిలిస్తే ఉత్తరాన నీ అంచనా ఎన్నడూ తప్పదు.

ఈ త్రిభుజం పద్ధతి దగ్గరి ఊళ్లకే సరిపోతుంది. నార్వే ప్రధాన భూభాగంలోని ట్రోమ్సో నుంచి లాంగియర్‌బ్యెన్ వంటి దూరాలకు భూగోళపు వంపును లెక్కలోకి తీసుకునే మహావృత్త సూత్రం వాడాలి. దాని ప్రకారం ఆ దూరం సుమారు 957 కిలోమీటర్లు, వైమానికుల లెక్కలో 517 నాటికల్ మైళ్లు. నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, అంటే అక్షాంశ డిగ్రీలో అరవయ్యో వంతు. ఎవరైనా మైళ్లలో చెబితే ఏ మైళ్లో అడిగి తెలుసుకో.

దూరం తేలినంత మాత్రాన ప్రయాణకాలం తేలదు. ఆ 110 కిలోమీటర్లు చిన్న విమానానికి అరగంట పనే అయినా, మంచు కమ్మితే ఆ రోజుకు విమానం లేనట్టే. ట్రోమ్సో నుంచి వచ్చే విమానం కూడా దిగడానికి వీలుపడకపోతే సముద్రం మీదుగా వెనక్కి తిరగవలసి రావచ్చు. తిరుగు టిక్కెట్టుకు ముందు రెండు మూడు రోజులైనా ఖాళీ ఉంచుకో.

మరొక మాట. స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా, ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ పరిధిలో లేదు. అక్కడి నుంచి ట్రోమ్సోకో ఓస్లోకో తిరిగి రావడం రెండోసారి ప్రవేశించడం కిందికి వస్తుంది కనుక, ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా తీసుకోవద్దు. దరఖాస్తు పంపే ముందు ఆ పత్రం నాకొకసారి చూపించు.

ఇట్లు,
మీ మామయ్య